బిల్లసర్గం ఎముకలూ, మా కొర్ర కంకులూ

మా క్రిస్తు సంఘం ఆడవాళ్లు కనబడినప్పుడల్లా అడుగుతున్నారు, బేతంచెర్లలో ఏం జరిగిందని. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెబితే, వీధి చివరికి పోయేసరికి అది వేరే కథ అవుతోంది. అందుకని నేనే రాసిపెడుతున్నాను. రైలెక్కనివాళ్లూ, గుహలో కాలు పెట్టనివాళ్లూ దీన్ని చదివించుకుని వినండి. విని భయపడితే నన్ను అనకండి. నేనూ భయపడే వచ్చాను.

రాహేలు నా కూతురి కూతురు. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి సుగ్గికని పొరుగుసీమకు కోతల కూలికి పోయిన చోటే ఇంకో కాపురం పెట్టాడు. మేకపాలు పట్టి నేనే పెంచాను. చిరిగిన చీరకు అతుకు మీద అతుకు వేసుకుని చదివించాను. ట్రైనింగు ముగించి బేతంచెర్ల మిషను బడిలో పంతులమ్మ అయింది. అక్కడికి నా పని అయిపోయిందనుకున్నాను.

కొర్ర కోతలు ముగిసిన వారమే మా గుడి ఉపదేశి వచ్చి అరుగు మీద కూచున్నాడు. మంచినీళ్లిస్తే తాగలేదు. అప్పుడే మంచి కబురు కాదనుకున్నాను.

"అవ్వా, నీ మనమరాలు పిల్లోల్లకు కోతులూ మనమూ ఒకే మూలం నుంచి వచ్చినామని చెప్తాండాదంట. గుహలోకి తోలకపోయి ఎముకలు చూపిస్తాండాదంట. ఆడి గుడి అయ్యగారు పిలిచి చెప్పినా ఇనల్యా. కోతల పండుగ నాడు పెద్దలు కూచుంటారు. సంఘం ముందర తప్పని ఒప్పుకోకుంటే బల్ల నుంచి తీసేస్తారు. బడి పని కూడా పోతాది. నువ్వొచ్చి చెప్తే ఇంటాదేమోనని అయ్యగారే కబురు పెట్టినాడు."

బల్ల నుంచి తీసేయడమంటే ఏమిటో మన సంఘంవాళ్లకు చెప్పక్కరలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ప్రభు భోజనం నాడు రొట్టె పళ్లెం మనిషి నుంచి మనిషికి పోతుంది. తీసేసినవాళ్లు తలుపు దగ్గర చాప లేని నేల మీద కూచోవాలి. పళ్లెం వాళ్ల దాకా రాదు. మా ఊళ్లో అట్లా తీసేసిన మనిషి ఒకడు చచ్చిపోతే పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. మనం విడిచి వచ్చిన పాత మతంవాళ్లు దగ్గరికి రానివ్వరు, ఇటువాళ్లు ముట్టుకోరు. పెండ్లి కాని ఆడపిల్ల ఆ నేల మీద కూచుంటే, నేను పోయాక దానికి ఎవరు?

కోసిగి

ఊరికే చేతులూపుకుంటూ పోకూడదని కోతల పండుగ కానుకకు మా విత్తనపు కొర్ర కంకులు ఒక కట్ట తీసుకున్నాను. ఈ కంకుల సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత నన్ను చిక్కులో పెట్టినవి ఇవే.

మా ఇంట్లో చేనికి కొడవలి తగలకముందు పెద్ద ఆడమనిషి పరగడుపున ఒంటరిగా చేనులో దిగి విత్తనానికి కంకులు ఏరుతుంది. ఏరేటప్పుడు మాట్లాడకూడదు. ఎవరైనా పిలిచినా తిరిగి చూడకూడదు. మా అత్త నాకు నేర్పిన పద్ధతి ఇది. బలిసిన కంకిని చూసి మోసపోకూడదు. నీళ్లు నిలిచే పల్లంలో ఏ కంకైనా బలుస్తుంది. రాళ్ల గట్టు పక్కన, ఎండకు మాడి కూడా గింజ పట్టిన దాన్నే కోయాలి. తెచ్చి పొయ్యి మీది దూలానికి వేలాడదీస్తే పొగకు పురుగు రాదు. మా అత్త పోయినప్పటి నుంచి నేనే ఏరుతున్నాను.

కోసిగి స్టేషనులో సుగ్గికి పోయేవాళ్లు చట్లూ చాపలూ నెత్తిన పెట్టుకుని నిండిపోయి ఉన్నారు. రైలు వచ్చే ముందు పట్టాలు సన్నగా వణికాయి. నేను కంకుల కట్టను రొమ్ముకు అదుముకున్నాను. ఆడవాళ్ల పెట్టెలో ఒక పిల్లతల్లి జరిగి చోటిచ్చి, "భయమా అవ్వా?" అంది. "భయమెందుకు, ఇనుమే గదా," అన్నాను. ఆదోని దాటేదాకా కిటికీ చువ్వ మాత్రం వదల్లేదు.

గుంతకల్లు

ఇక్కడ రైలు మారాలి. రెండో బండి వచ్చేదాకా వేపచెట్టు కింద కూచున్నాను. టీ అమ్మే సాయిబు వచ్చి కప్పు అర్ధణా అన్నాడు. రంగు వేసిన వేడినీళ్లకు అర్ధణా ఏమిటని పొమ్మన్నాను. నా జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి నా దగ్గర ఉన్నాయి. ఉన్నాయనే అనుకున్నాను.

మూట పక్కన పెట్టి నీళ్ల చెంబు కోసం తిరిగానో లేదో, చెట్టు మీది నుంచి కోతి దిగింది. కడుపుకు పిల్ల కరుచుకుని ఉంది. నేను అదిలించలేదు. ఉపదేశి మాట చెవిలో ఉండి చేయి లేవలేదు. ఆ కోతి నా మూటను తన ముందర పెట్టుకుని ముడి వెతికింది. నేను పంటితో బిగించిన ముడి. గోటితో ఒక కొస లాగి, అది కదలకపోతే రెండో కొస లాగింది. ముడి వదులైంది. మా వీధి కోడళ్లు కూడా అంత ఓపికగా విప్పరు. రొట్టె తీసి వాసన చూసి, చించి, పిల్ల నోటికి ఒక తునక ఇచ్చింది. తరువాత పిల్లను ఒళ్లో వెల్లకిలా వేసుకుని పేలు ఏరింది. రాహేలుకు నేను ఏరినట్లే, నుదుటి దగ్గర మొదలుపెట్టి.

నాకు భయమేసింది. అది కరుస్తుందని కాదు.

"ఏం అవ్వా, చుట్టాలొచ్చినారా?" సాయిబు దూరం నుంచి నవ్వాడు. "రొట్టెలు పెట్టి బాగానే మర్యాద చేస్తాండావే."

"నీ చుట్టాలై ఉంటారు. టీ కప్పు అర్ధణా అంటే నీ దగ్గరికి రాల్యా, నా దగ్గరికి వచ్చినారు," అన్నాను. వాడు ఇంకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రొట్టె తిని ఆ కోతి నీళ్ల పందిట్లోకి పోయి కుండలో మూతి పెట్టి తాగింది. నీళ్లు పోసే ఆయన "హుష్" అని కర్ర ఊపాడు, అంతే. కుండ కడగలేదు. నేను పోయి దోసిలి పట్టాను. నా మెడలో సిలువ చూశాడు. రెండడుగులు వెనక్కి జరిగి, చెంబు ఎత్తి పట్టి, పైనుంచి పోశాడు. సగం నీళ్లు మోచేతుల మీదుగా కారిపోయాయి. ఇది కొత్త కాదు, మా ఊళ్లోనూ ఇంతే. కానీ ఆ పొద్దు మాత్రం చెట్టు మీది కోతినీ, కుండనూ, నా తడి మోచేతులనూ మార్చి మార్చి చూశాను.

ద్రోణాచలం దాటాక

రెండో బండి చిన్నది, నెమ్మదైనది. ద్రోణాచలంలో అహోబిలం పోయే మొక్కుబడివాళ్లు ఎక్కారు. లచ్చుమమ్మ అనే ఆమె, ఆమె అల్లుడు నా ఎదురుగా కూచున్నారు. మంచి గలగల మనిషి.

"యా ఊరు మా? యాడికి పోతాండావు?"

ఊరు చెప్పాను. మూటలో తిండి లేదని తెలిసి బెల్లం ముక్క ఇచ్చింది. కడుపులోని దిగులు ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి, మా పిల్ల కోతుల సంగతి చెప్పాను. ఆమె పెట్టె అదిరేలా నవ్వింది.

"దీనికా ఇంత ఏడుపు! మేము యాడికి పోతాండామనుకున్నావు? సగం మనిషి, సగం సింగం. ఆ సామికి తల నీలాలియ్యను పోతాండాం. నీ మనమరాలు కోతీ మనిషీ అంటే నీకు అన్నం దిగలేదా?"

"మీ సామి ఒక్క గడియలో స్తంభంలో నుంచి వచ్చినాడు తల్లీ. మా పిల్ల చెప్పేది యుగాలు పట్టిందని, ఎవరూ చెప్పకుండానే అయిందని."

అల్లుడు ఎత్తుకున్నాడు. "అత్తా, చూడు. చేప, తాబేలు, పంది, సింగం, పొట్టోడు, ఆమీదట నిండు మనిషి. అవతారాల వరస అదే గదా? ఈ అవ్వ మనమరాలు చెప్పేది మనకు కొత్తదేం కాదు."

"ఊరుకోప్పా! దేవుడు కావాలని పంది అయినాడు. పందే తనంతట తాను దేవుడు కాల్యా. రెండూ ఒకటేనా?" అంది లచ్చుమమ్మ. నాకు ఆ మాట నచ్చింది. నా భయం ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలిసినట్లు అనిపించింది.

"నీ పేరేంది మా?"

"మార్తమ్మ. ముందర ఓబుళమ్మ. మీ అహోబిలం సామి పేరే మా నాయన పెట్టినాడు. ధాత ఏటి పెద్ద కరువు తరువాత క్రిస్తువోళ్లమైనాం."

లచ్చుమమ్మ మాట ఆపలేదు, నవ్వూ ఆపలేదు. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూనే తన నీళ్ల బిందెను నా వైపు నుంచి అల్లుడి వైపుకు మార్చింది.

బేతంచెర్ల

మా పక్క మట్టి మిద్దెలు. ఇక్కడ ఇంటి పైకప్పు బండ, నేల బండ, కంచె బండ, ఆఖరుకు పశువుల గాడి కూడా బండే. రాయి మాత్రం చవక. మిగతావన్నీ మా కోసిగి సంత కంటే ఎక్కువ ధరే. ఉల్లిగడ్డలు బేరమాడబోతే, బజార్లో ఎదురుపడిన రాహేలు నా చేయి పట్టుకుని లాక్కుపోయింది.

పిల్ల చిక్కిపోయింది. నన్ను చూసి సంతోషపడి, వెంటనే ఎందుకొచ్చానో అర్థమై తల దించుకుంది. సద్దరొట్టె, పుండికూర పెట్టింది. తిన్నాను. చేయి కడుక్కుని అడిగాను.

"తప్పని చెప్తే నీ సొమ్మేం పోతాది?"

"ఏదీ పోదు అవ్వా."

"మరి చెప్పు."

"చెప్పినాక బడికి పోయి పిల్లోల్ల ముందర యా ముఖం పెట్టుకోని నిలబడేది? చూసింది చూసినట్ల చెప్పమని వాండ్లకు రోజూ చెప్తాండా."

"దేవుడు లేడంటాండావా?"

"నేనెప్పుడన్నా అట్లంటినా?" దాని కండ్లలో నీళ్లు తిరిగాయి. "ఉండాడు అవ్వా. నేను రోజూ ప్రార్థన చేస్తాండా. ఆయన ఒక్కొక్కదాన్ని కూచోని చేసినాడని అయ్యగారు అంటాడు. అవి తమంతట తామే తయారయ్యేటట్ల చేసినాడని నేనంటాను. అంతే తేడా."

నాకు ఆ తేడా అంత చిన్నదనిపించలేదు. అన్నం వండిపెట్టే అమ్మ వేరు, గింజలు పారబోసి పోయే అమ్మ వేరు. ఆ మాటే అన్నాను. రాహేలు కండ్లు తుడుచుకుంది. "రేపు ఒక్కసారి గుహ చూడు. చూసినాక నువ్వేం చెప్పమంటే అది చెప్తా," అంది.

ఎముకల మీద పందెం కట్టి పిల్ల తన బతుకు నా చేతిలో పెట్టింది. అంతకంటే, చెప్పను పో అని నా మీద అరిచి ఉంటే బాగుండేది.

బిల్లసర్గం

బిల్లసర్గం గుహకు పోవడానికి ఊళ్లో బండి తోలే ఖాసీం సాబు ఎడ్లబండి కట్టాడు. దారంతా కొండరాయి, ముళ్ల చెట్లు. ఆయన గుహ దాకా వచ్చి ఎడ్ల దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావా అప్పా?"

"నాకేం పని అమ్మా? లోపల రాక్షసుల ఎముకలుండాయని మా నాయన చెప్పినాడు. దొరలు ఎప్పుడో తవ్వి బండ్లకెత్తుకోని పోయినారంట. ఖుదా ఆదం బాబాను మన్నుతో చేసినాడు, నాకు అది చాలు." ఎడ్ల మెడ నిమిరి మళ్లీ అన్నాడు, "ఈ బేతంచెర్ల మన్నుతో మాత్రం చేసుండడు. దీంతో కుండ కూడా నిలవదు."

గుహ నోటి దగ్గరే చల్లగాలి ముఖానికి కొట్టింది. బయట ఎండ మండిపోతోంది, లోపల పాతబావి వాసన. మొదటి గది పైకప్పు కూలి ఆకాశం కనబడుతోంది. అక్కడిదాకా బాగానే ఉన్నాను. దాని వెనక సందులో రాహేలు లాంతరు వెలిగించి ముందు నడిచింది. గబ్బిలాలు కదిలాయి. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది. నా కాలి కింద ఎర్రమన్ను మెత్తగా, పొడిగా ఉంది. ఎంతో కాలంగా ఎవరూ ఊడ్వని ఇంట్లోకి వచ్చినట్లుంది.

రాహేలు గోడ వారగా కూచుని పుల్లతో మన్ను గీకి ఒక పన్ను తీసి నా చేతిలో పెట్టింది. నా బొటనవేలంత ఉంది, రాయిలా బరువుగా ఉంది.

"ఇది ఖడ్గమృగం పన్నని మా ట్రైనింగు బడిలో చెప్పినారు."

"మన నల్లమలలో అది యాడుండాది?"

"ఇప్పుడు లేదు. ఒకప్పుడు ఉండె."

"యాడికి పోయినాయి?"

"సచ్చిపోయినాయి అవ్వా."

"అన్నీనా?"

"ఈడ అన్నీ. కొన్ని రకాలైతే లోకంలోనే యాడా లేవు."

 ఒక మనిషి చావడం నాకు తెలుసు. ఒక ఇల్లు ఖాళీ కావడం తెలుసు. పుట్టించినవాడు చూస్తూ ఉండగా ఒక జాతి మొత్తం, గుర్తుకు ఒక్కటి కూడా మిగలకుండా పోవడం నేను ఎప్పుడూ తలచలేదు. పెద్దది, బలమైనది, ముట్టెకు కొమ్మున్నది పోయింది. మరి మనమెంత?

"దేవుడు ఊరికే చూస్తా ఉండెనా?" అన్నాను. నా గొంతు గోడలకు తగిలి తిరిగి నాకే వినబడింది.

రాహేలు మెల్లగా చెప్పింది. "నేను పిల్లోల్లకు చెప్పింది నీ సంగతే అవ్వా. మా అవ్వ యాటా కంకులు ఏరుతాది, అందుకే మా కొర్ర వాన తప్పినా నిలుస్తాది, గట్టు మీది అడవికొర్ర దాని ముందర గడ్డి లెక్క ఉంటాది అన్నాను. నువ్వు ఏరినట్లే కరువు కూడా ఏరుతాది అన్నాను."

"ఏరను చెయ్యి కావల్ల. కరువుకు చెయ్యి యాడుండాది?"

"చెయ్యి లేకుండానే ఏరుతాది. తట్టుకున్నది నిలుస్తాది. తట్టుకోనిది పోతాది. ఎవరూ కావాలని చేసేది కాదు."

ఆ మాట వినగానే ఆ గుహలో కాదు, కరువు నాటి గంజి తొట్టి దగ్గర నిలబడ్డాను నేను.

ధాత కరువులో నేను చిన్నపిల్లను. తమ్ముడు నర్సడు నాకంటే చిన్న. ఇద్దరం ఒకే చిప్పలో గంజి తాగాం. ఒకే గోనెపట్ట కప్పుకున్నాం. ఒక పొద్దున వాడు లేవలేదు. నేను లేచాను. తరువాత మిషను బడిలో దొరసాని నా తల నిమిరి, దేవుడు నిన్ను ఏర్పరచుకున్నాడమ్మా అంది. అక్షరాలు నేర్పి మొదట చదివించిన వాక్యం కూడా, దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని. ఆ రెండు మాటల మీదే నేను ఇంతకాలం నడిచాను. కానీ ఒక్క సంగతి ఎవరినీ అడగలేదు. నన్ను ఏరుకున్నవాడు నర్సడిని ఎందుకు పక్కకు పారేశాడు? విత్తనపు కంకి కోసేటప్పుడు చేతికి తగిలి కూడా వదిలేసిన కంకి కనబడితే, నేను తల తిప్పుకునేదాన్ని.

"అయితే నర్సన్ని..." అన్నాను. 

రాహేలుకు ఆ కథ తెలుసు. లాంతరు కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. "ఆ పిల్లోన్ని ఎవరూ పారెయ్యల్యా అవ్వా. నిన్నూ ఎవరూ ఏరల్యా."

 గుండె మీంచి ఏదో బండ జరిగినట్లయింది. ఆ బండ ఉన్న చోట ఏముందా అని చూస్తే, ఈ గుహంత చీకటి ఉంది. ఎవరూ పారేయలేదు సరే. ఎవరూ పట్టుకోలేదు కూడానా?

"నోరు ముయ్యి. బయటికి పద," అన్నాను. ఎండలోకి వచ్చేదాకా దాని చేయి మాత్రం వదల్లేదు.

ఖాసీం సాబు నా ముఖం చూసి ఎడ్ల దగ్గర నుంచి వచ్చాడు. తోలు తిత్తిలోని నీళ్లు నా దోసిట్లోకి దగ్గరగా వంచి పోశాడు. ఒక్క చుక్క కూడా కింద పోలేదు.

కోతల పండుగ

ఇక్కడి గుడి కూడా బండలదే. మా ఊళ్లో కోతల పండుగ కానుకలను గుడ్డ పరిచి పోస్తారు, ఇక్కడ బల్ల ముందర కుప్పలుగా పెడతారు. జొన్నలు, సద్దలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. నా కొర్ర కట్ట అన్నిటికంటే పైన పెట్టారు.

అయ్యగారు దానయ్యగారు చిన్నవాడే, తల మాత్రం నెరిసింది. కోపిష్టి అనుకుని వచ్చాను. కాదు. ఆయన ముఖంలో ఉన్నది నా ముఖంలో ఉన్నదే, భయం. ప్రసంగం మధ్యలో నా కొర్ర కట్టలోంచి ఒక కంకి తీసి పైకెత్తాడు.

"కుమ్మరి లేకుండా కుండ పుడతాదా? ఈ కంకి చూడండి. గింజ పక్కన గింజ, ఎవరో కూచోని గుచ్చినట్ల ఉండాది. ఇది దానంతట అది అయిందంటే నమ్ముతారా? తెచ్చిన అవ్వనే అడుగుదాం. అవ్వా, దీన్ని ఎవరు చేసినారు?"

గుడి మొత్తం నా వైపు తిరిగింది. రాహేలు నేల చూస్తోంది. 'దేవుడు' అని ఒక్క మాట చెప్పి కూచుంటే చాలు. చెప్పాలనే లేచాను.

"దేవుడే అయ్యా," అన్నాను. అందరూ ఊపిరి వదిలారు. నా నోరు మాత్రం ఆగలేదు. ఆ కంకి నాది. దాన్ని చూస్తూ అబద్ధం రాలేదు. "కానీ ఆయన ఇచ్చినప్పుడు ఇట్ల లేదు. గట్టు మీద ఇంకా ఉండాది ఆయనిచ్చినది, చూస్తే గడ్డి అంటారు. మా అత్త ఏరింది, ఆ పైన నేను ఏరినాను. నేను ఏరకముందే వాన తప్పిన ఏట కరువే సగం చేను ఏరేసింది. ఇందులో ఎవరిది ఎంతో నాకు తెల్దు. నాకు భయమైతాండాది అయ్యా. ఆ లెక్క తేలలేదని మా పిల్లను నేల మీద కూచోపెట్టొద్దు."

 దానయ్యగారి చేతిలో కంకి అట్లే ఉంది. ఆయన ప్రసంగపు మెట్టు దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, నీకు భయమైతే నాకు గాదా? ఈడ కూచున్న తల్లుల్లో పోయిన ఎండాకాలం బిడ్డల్ని పూడ్చినోళ్లు ఉండారు. కరువు ఏరింది తల్లీ, ఎవరూ చూడలేదు అని వాండ్లకు ఎట్ల చెప్పేది? ఊళ్లో రెడ్లు మనల్ని ఇన్ని తరాలు పశువులన్నారు. దేవుని పోలిక అన్న ఒక్క మాట పట్టుకోని తలెత్తినాం. మొన్న బజార్లో ఒకడు నన్ను ఆపి, ఏమప్పా, మీ పంతులమ్మే చెప్పిందంట గదా మీరు కోతులని, అన్నాడు. మీరు అన్నాడు. మనమని అనల్యా."

నాకు గుంతకల్లు నీళ్ల పందిరి గుర్తొచ్చింది.  

రాహేలు లేచింది.  "అయ్యగారూ, వాడు అట్లన్నది నాకు తెల్దు. పిల్లోల్లను ఇంక గుహకు తీసకపోను. వాండ్లు ఇంటికి పోయి ఏం చెప్తారో అని నేను అనుకోల్యా, అది తప్పే. కానీ చూసింది చూడలేదని నేను చెప్పలేను. ఎవరైనా అడిగితే, వాడూ నేనూ ఒకే మూలమని చెప్తా. నన్ను కోతి అన్నోడు కూడా అందులోనే ఉండాడు."

వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది.

పెద్దలు పక్క గదిలోకి పోయి వచ్చారు. వచ్చే కోతల పండుగ దాకా రాహేలు బల్లకు రాకూడదు. అప్పుడు మళ్లీ అడుగుతారు. బడి పని అప్పటిదాకా ఉంటుంది. ఆ జీతానికి ఇంకో పంతులమ్మ దొరకదని ఒక పెద్ద గొణిగాడు. కృప అయినా, పిసినారితనమైనా, నేను కాదనలేదు.

రాహేలు పోయి తలుపు దగ్గర బండ మీద కూచుంది. రొట్టె పళ్లెం నా దాకా వచ్చింది. తీసుకున్నాను.  తరువాత పళ్లెం పక్కామెకు ఇచ్చి, చాప మీది నుంచి లేచి పోయి మా పిల్ల పక్కన బండ మీద కూచున్నాను. చల్లగా ఉంది, గుహలో లాగే. నన్ను లేవమని ఎవరూ అనలేదు.

తిరుగు దారి

వేలంలో నా కొర్ర కట్ట ఎవరు పాడతారా అని చూస్తే, దానయ్యగారే పాడుకున్నాడు. బండి ఎక్కేటప్పుడు వచ్చి అడిగాడు, "అవ్వా, యా నేలలో వెయ్యల్ల?"

"రాతినేలలో, పల్చగా. నీళ్లు ఎక్కువ పెట్టొద్దు."

తల ఊపాడు. రాహేలు ఆయన పక్కనే నిలబడి ఉంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయినా పక్కపక్కనే నిలబడి నాకు చేయి ఊపారు.

గుంతకల్లులో ఈసారి రొట్టెల మూట ఒళ్లోనే పెట్టుకున్నాను. ఆ కోతి కనబడలేదు. ఎందుకో ఒక రొట్టె తునక చెట్టు మొదట్లో పెట్టాను. సాయిబు చూసి నవ్వబోయి, నా ముఖం చూసి టీ కప్పులు కడుక్కోసాగాడు.

ఇంటికి వచ్చేసరికి జొన్న కోతకు వచ్చింది. ఎప్పటిలాగే పరగడుపున, మాట్లాడకుండా చేనులో దిగాను. గట్టు పక్క మంచి కంకులు ఏరాను. ప్రతి కంకి ముందరా చేయి ఆగి ఆగి పోయింది. చేను చివర రాళ్ల మధ్య ఒక పొట్టి కంకి ఉంది. సగం గింజలు పట్టలేదు. ఇంకెప్పుడైనా అయితే చూడనట్లు దాటిపోయేదాన్ని. ఆ పొద్దు కోసి కొంగులో వేసుకున్నాను.

దాన్ని మిగతావాటితో కలపలేదు. దూలానికి వేరుగా వేలాడుతోంది. మళ్లీ వానలు పడితే గట్టు పక్కన విడిగా వేస్తాను. రాహేలు మళ్లీ పెద్దల ముందర నిలబడే నాటికి ఆ గింజలు నిలిచైనా ఉంటాయి, ఎండిపోయైనా ఉంటాయి. భయంగానే ఉంది. అయినా ఆ సాలు దగ్గరికి పోయి చూస్తాను కానీ, అందులో నేను చేయి పెట్టి ఏరను.